తూనీగల వెంట డయాలసిస్ వార్డు

ఉదయం ఐదు గంటల ఇరవై నిమిషాలకు పలాస నుంచి వచ్చిన ప్యాసింజరు బండి పూండి స్టేషన్లో ఆగింది. రోజూ ఆగే బండే. ఆ ఆదివారం అందులోంచి మా డయాలసిస్ వార్డు దిగింది. ఏడుగురు రోగులు, హెడ్ నర్సు, టెక్నీషియన్నయిన నేను. నా భుజానికి బీపీ చూసే సంచి వేలాడుతోంది. హెడ్ నర్సు చేతిలో సీతాకోకచిలుకల బొమ్మల పుస్తకం ఉంది. కార్తీక మాసం కావడంతో స్టేషను బయట టీ కొట్టతను "ఏ గుడికండీ?" అని అడిగాడు.

"గుడికి కాదు బాబూ, తూనీగల్ని సూడ్డానికెల్తన్నాం," అంది మాలో ఒకావిడ.

అతను నవ్వాలో వద్దో తేల్చుకోలేక గ్లాసులు సర్దాడు. "టీలు ఎన్ని?" అన్నాడు. ఒక్కటీ వద్దన్నాం. చలి పొద్దున ఇంతమంది దిగి ఎవరూ టీ తాగకుండా పోవడం అతనికి తూనీగల కంటే వింతగా తోచి ఉంటుంది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు టీ నీళ్ళను కూడా లెక్కలో వేసుకోవాలి. మూత్రపిండాలు పనిచెయ్యవు కనక ఒంట్లోకి పోయిన నీటికి బయటికి దారి లేదు. మళ్ళీ నెత్తురు వడకట్టే మిషను ఎక్కిన రోజే అది పోవాలి. నీటితో పాటు కొన్ని లవణాలూ అంతే. ఇది తెలిస్తే ఈ కథలో మిగతాదంతా తెలుస్తుంది.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కనిపిస్తే, రోగుల్ని తోటల్లోకి తీసుకెళ్ళేవారట, నిజమేనా అని అడుగుతుంటారు. కొందరు మెచ్చుకోలుగా అడుగుతారు. కొందరు ఎంత పిచ్చిపని అన్నట్టు అడుగుతారు. ఇద్దరికీ నా జవాబు ఒకటే. కొన్నాళ్ళు తీసుకెళ్ళాం. ఒకానొక రోజు తర్వాత మానేశాం. ఆ రోజు సంగతి అలా అడిగిన మీ కోసమే రాస్తాను. ఆ పని సరైనదో కాదో నాకిప్పటికీ తెలియదు, కాబట్టి తీర్పు కోసం చివరిదాకా చదవనక్కర్లేదు.

నేను మొదట ల్యాబు టెక్నీషియన్ని. మా అన్నయ్య ఈ జబ్బుతోనే పోయాడు. అప్పటికి మా ప్రాంతంలో మిషను లేదు. వారానికి రెండుసార్లు విశాఖపట్నం తీసుకెళ్ళేవాళ్ళం. తర్వాత పలాసలో వార్డు తెరిచి, శిక్షణకు ఎవరు వస్తారని అడిగితే చెయ్యెత్తాను. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో అప్పుడూ ఎవరూ గట్టిగా చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడం లేదు. నీళ్ళన్నారు, నేలన్నారు, మందులన్నారు. నాకు మాత్రం పని నేర్చుకోవడానికి కారణం అక్కర్లేకపోయింది.

హెడ్ నర్సుది గోదావరి వైపు. మాట తక్కువ, నడక వేగం. ఆమె సెలవు రోజుల్లో ఒంటరిగా తోటల్లో తిరుగుతుందని, సీతాకోకల్ని చూస్తుందని మాకు చాలాకాలం తెలియదు. తెలిసింది ఒక తూనీగ వల్ల. ఒక మధ్యాహ్నం అది వార్డు కిటికీలోంచి వచ్చి సెలైన్ స్టాండు మీద వాలింది. తువ్వాలుతో తోలబోయాను. "ఉండనివ్వండి సార్," అందామె. నాలుగేసి గంటలు పైకప్పు చూస్తూ పడుకునే మనుషులు మెడలు తిప్పారు. తోకకు దారం కట్టి ఎగరేసిన రోజుల గురించి ఒకరు మొదలుపెట్టారు. మిషను ఆగే వేళకు వార్డంతా మాట్లాడుతోంది. అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆ తూనీగని చూసి మాట్లాడనివాడు ఒక్కడే. అక్కుపల్లి వైపు నుంచి వచ్చే జాలరి. నలభై అయిదేళ్ళుంటాయి. వార్డులో అందరూ అతన్ని బావ అనేవారు, ఎందుకంటే అతను మొదట్లో అందర్నీ బావా, మరదలా అని పిలిచి నవ్వించేవాడు. కొన్నాళ్ళకు నవ్వించడం మానేశాడు. మిషనెక్కిన గంటకే, "తీసీ బాబూ, సాల్లే," అనేవాడు. వద్దంటున్నా వినకుండా గంట ముందే దిగిపోయేవాడు. ఒక రోజు సూదులు తీస్తుంటే మెల్లగా అన్నాడు.

"నాను ఇంక రాను బాబూ. ఆపీత్తాను."

"ఆపేస్తే ఏమవుతుందో తెలుసుగా?"

"తెల్సు. ఇప్పుడు మాత్రం ఏటి అవుతన్నాది? తాగనేను, తిననేను, సముద్రం మీదికి పోనేను. మా తమ్ముడు నన్ను లేపకండా ఏటకెల్లిపోనాడు."

వేటకు అన్నదమ్ములిద్దరూ ఒకే పడవలో వెళ్ళేవారు. తెల్లారకముందే ఎవరికి ముందు మెలకువ వస్తే వాళ్ళు రెండో వాళ్ళని లేపాలి. జబ్బు పడ్డాక, మిషనెక్కిన మర్నాడు, తమ్ముడు లేపకుండానే వెళ్ళిపోయాడు. ఇతను లేచి ఒడ్డుకు వెళ్ళేసరికి పడవ లోపలికి పోయింది. ఆ పొద్దుటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇళ్ళు మాత్రం ఒకే గోడకు అటూ ఇటూ.

మిషను మానేసిన వాళ్ళని నేను చూశాను. పది రోజులు, పదిహేను రోజులు. అంతే. ఈ మాట హెడ్ నర్సుకు చెప్పాను. ఆమె అతనికి నచ్చజెప్పలేదు. వచ్చే ఆదివారం అందరం కలిసి సీతాకోకల్ని చూడ్డానికి వెళ్తున్నాం, నువ్వూ రా అంది. అతను రాననలేదు, ఆశ్చర్యంతో కాబోలు.

ఆదివారం మిషన్లకు సెలవు. కొన్ని ఆదివారాలు పలాస చుట్టుపక్కల తిరిగాం. పెద్ద తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు విరిగిపడ్డాయి కదా, నీడ పోయిన చోటల్లా గడ్డీ పిచ్చిపూలూ మొలిచాయి, పూలున్న చోటికి సీతాకోకలు వచ్చాయి అని ఆమె చెప్పేది. చెట్లు పోగొట్టుకున్న వాళ్ళే ఎదురుగా నిలబడి ఆ మాట వినేవారు. ఎవరూ ఆమెని తప్పు పట్టలేదు.

నడకకు ఒక పద్ధతి ఉండేది. ముందు చూసినవాళ్ళు అరవకూడదు, చెయ్యెత్తాలి. సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసిన చెయ్యి కాకుండా రెండోది. ఎత్తగానే అందరూ ఆగాలి. పట్టుకోకూడదు. పుస్తకంలో పేరు దొరికితే ఆమె చదివేది. ఆ పేర్లు ఎవరికీ నోరు తిరిగేవి కావు. అందుకని వార్డు తన పేర్లు పెట్టుకుంది. ఎర్ర తూనీగ, మిషను మీద వెలిగే దీపంలా ఉందని, అలారం. నీటి మొక్కల మీద వాలే సన్నటిది సూది. జిల్లేడు మీద తిరిగే నారింజ రంగు సీతాకోకను, ఎంత తోలినా మళ్ళీ అక్కడికే వస్తుంది కనక, అటెండర్ అన్నారు. మా అటెండరుకు ఈ సంగతి చివరిదాకా తెలియదు.

నాకు ఒక్క నడకలోనూ స్థిమితం లేదు. అందరూ చెట్ల వంక చూస్తుంటే నేను పాదాల వంక చూసేవాణ్ణి. ఎవరి చీలమండ ఉబ్బింది, ఎవరు ఆయాసపడుతున్నారు, నీడ ఎక్కడుంది, రోడ్డు ఎంత దూరం. చెయ్యెత్తితే ఎవరో పడిపోతున్నారనుకుని ఉలిక్కిపడేవాణ్ణి. ఎండెక్కకముందే వెనక్కి వెళ్ళాలని నేను, ఎండెక్కందే సీతాకోకలు రెక్కలు విప్పవని ఆమె. ప్రతి ఆదివారం ఇదే తగవు.

"కాసేపు పైకి చూడండి సార్," అనేది. చూసేవాణ్ణి. మళ్ళీ కళ్ళు కిందికే దిగేవి.

జాలరి బావ ఆ నడకల్లో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అయినా మిషను మానేస్తాననే మాట మానలేదు. ఒక శుక్రవారం హెడ్ నర్సు అతని మంచం పక్కన నిలబడి, "సముద్రం దగ్గర తూనీగలు గుంపులుగా వస్తాయటగా, చూశావా?" అని అడిగింది.

"సూడకేటమ్మా. ఈ నెల్లో మా ఊరెనక గెడ్డ కాడికి ఎన్నొత్తాయో. పడవ మీద కూడా వాల్తాయి."

"అయితే ఈ ఆదివారం నువ్వే తీసుకెళ్ళు. చూపించు. సోమవారం వచ్చి మిషనెక్కు. ఆ తర్వాత నీ ఇష్టం."

అతను కాస్త ఆలోచించి, "సోమారం వరకే," అన్నాడు. ఆ రోజూ గంట ముందే సూదులు తీయించుకుని వెళ్ళిపోయాడు. ఆమె నా వంక చూసింది. ఇద్దరికీ అర్థమైంది. ఆ ఆదివారం మేం తూనీగల కోసం వెళ్ళడం లేదు. సోమవారం కోసం వెళ్తున్నాం.

పూండిలో దిగి రెండు ఆటోల్లో అక్కుపల్లి వైపు వెళ్ళాం. తోటల మొదట్లో దింపేశారు. అక్కణ్ణుంచి ఇసుక బాట. అతను ముందు నడిచాడు. లుంగీ ఎగగట్టి, తలకు తువ్వాలు చుట్టి, వార్డులో నేనెన్నడూ చూడని నడక నడిచాడు. టీ కొట్టతనికి జవాబు చెప్పిన ఆవిడ నా పక్కన నడుస్తోంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పనిలో చాలా ఏళ్ళున్న మనిషి. జీడి నూనెకు వేళ్ళ కొసలు నల్లబడి ఉంటాయి. వార్డులో అందరికంటే నోరున్నది ఆవిడకే.

"బావా, కాసింత నిదానం. నీ వొంట్లో నీల్లు తక్కువేమో గానీ మాకు బస్తాలు మోసినట్టున్నాది," అంది.

"నువ్వు రేత్రి పులుసు గిన్నె మొత్తం తాగీసుంతావు మరదలా."

"తాగితే నీకెందుకు, నువ్వొచ్చి పిండుతావేటి?"

నేను నవ్వలేదు. ఆవిడ కాళ్ళు చూశాను. నిజంగానే కొంచెం ఉబ్బి ఉన్నాయి. కూర్చోబెట్టి వేలితో నొక్కి చూశాను. "ఓలమ్మో, ఈ బాబు ఆదోరం కూడా ఒగ్గడు," అని ఆవిడ అందరికీ వినబడేలా అంది.

మొదట చలికి తూనీగలు గడ్డి కొసల మీద కదలకుండా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు. మంచు తడి రెక్కల మీద కనిపించింది. ఎండ చెట్ల సందుల్లోంచి నేలకు దిగాక ఒక్కొక్కటే లేచాయి. తర్వాత సీతాకోకలు. నల్లవి, నల్ల మీద నీలి గీతలవి, నిమ్మ చెట్టు చుట్టూ తిరిగే పసుపువి. చేతులు లేస్తూనే ఉన్నాయి. అడుగడుక్కీ ఆగాల్సి వచ్చింది. నాకు ఆగడమే కష్టంగా ఉంది. ఎనిమిది దాటుతోంది. వెనక్కి వెళ్దామన్నాను. గెడ్డ ఇంకా కొంచెం ముందుందని అతనన్నాడు.

గెడ్డకు, అంటే వాగుకు, వెళ్ళే బాట ఒక కొబ్బరి తోట పక్క నుంచి పోతుంది. తోట అంచున నీడలో ఒక మనిషి వల బాగుచేసుకుంటున్నాడు. జాలరి బావ అతన్ని చూసి ఆగాడు. మేమందరం అలవాటు కొద్దీ ఆగి, ఏదో సీతాకోక కనిపించిందనుకుని చుట్టూ చూశాం.

"మా తమ్ముడు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

తమ్ముడు లేచాడు. అన్న మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. అన్న నవ్వగా అతను చూసి ఎన్నాళ్ళయిందో. మమ్మల్నందరినీ ఒకసారి చూశాడు. పలకరించలేదు. వల పక్కన పెట్టి, కత్తి నడుముకు దోపుకుని, దగ్గర్లో ఉన్న పొట్టి చెట్టెక్కాడు. గెల దింపాడు. అన్నీ ఒకేసారి జరిగినట్టు జరిగాయి. మేం నోరు తెరిచేలోపు బొండాలు చెక్కి, మూతి తెరిచి, వరసగా ఇసుకలో నిలబెట్టాడు.

ఉద్దానంలో ఇంటికి గాని, తోటకు గాని మనిషి వస్తే బొండాం కొడతారు. తాగుతారా అని అడగరు. అడగడమంటే పెట్టే మనసు లేదని. కొట్టాక వద్దనడం వచ్చినవాళ్ళకు మర్యాద కాదు. ఈ రెండు నియమాలూ నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. బొండాం నీళ్ళలో పొటాషియం అనే లవణం ఎక్కువని, మిషను మీదున్న మనిషికి అది గుండెను ఆపగలదని శిక్షణలో తెలిసింది. ఈ మూడూ ఒకే చోట ఎదురవడం అదే మొదటిసారి.

"ఎవ్వరూ తాగొద్దు," అంది హెడ్ నర్సు.

ఆరుగురు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. తమ్ముడి మొహం వాడిపోయింది.

"ఏటమ్మా, బాగులేదేటి? లేతవే. కిడ్నీకి సలవని సెప్తారు కదా," అన్నాడు.

మా ప్రాంతంలో ఆ మాట చాలామంది నమ్ముతారు. జబ్బు లేనివాళ్ళకు అది నిజం కూడా. అన్నకు ఏది పడదో అతనికి తెలియదు. తెలిసే వీల్లేదు. గోడ అవతల ఉంటున్నా ఇద్దరికీ మాటల్లేవు. ఆ ఇంటి ఆడవాళ్ళు కూడా మగాళ్ళ పంతానికి భయపడి ఊరుకున్నారని తర్వాత తెలిసింది.

జీడి పని ఆవిడ అందుకుంది. "మాకు పడదు బాబూ. నీది మహా లక్షనంగా ఉన్నాది. మా బతుకే బాగులేదు."

తమ్ముడు ఒక బొండాం తీసుకుని అన్న ముందుకు వచ్చాడు. రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు తెలుసు," అన్నాను నేను. "శుక్రవారం గంట ముందే దిగావు. నీకసలే పడదు."

"తెల్సు బాబూ," అన్నాడు జాలరి. నా వంక చూడలేదు. బొండాం అందుకున్నాడు. హెడ్ నర్సు అతని చెయ్యి పట్టుకుంది. "ఒక్క గుక్క. పెదాలు తడుపుకుని ఇచ్చెయ్యి," అంది. అతను తలాడించి, తల పైకెత్తి, ఆపకుండా మొత్తం తాగాడు.

మీరు చిన్నవాళ్ళు, మీకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది. లాక్కోవచ్చు కదా అంటారు. ఇప్పటికీ ఆ చోట నిలబడి ఆలోచిస్తే ఎలా లాక్కోవాలో నాకు తోచదు.

తమ్ముడికి మాట వచ్చింది. రెండోది కొట్టాడు. మొదటిదాన్ని చీల్చి లేత గుజ్జు గీసి అన్న చేతిలో పెట్టాడు.

"ఆవేల నిన్ను లేపనేదని కోపం కదా నీకు?"

"కోపం కాదురా. లేపుంతే వచ్చీసుందును."

"వచ్చీసుందువనే లేపనేదు. ముందు రోజు మిషనెక్కి వచ్చినావు. తూలిపోతన్నావు. సముద్రం మీద నిన్ను సూసుకుంతానా, వల సూసుకుంతానా?"

"అదే మాట అప్పుడు సెప్తే నీ నోరు పడిపోద్దేటి?"

"నువ్వు అడిగితే కదా."

ఇద్దరూ నవ్వారు. రెండోది తాగకుండా మేం ఆపగలిగాం అనుకున్నాం. హెడ్ నర్సు ఆటోకి ఫోను చెయ్యడానికి సిగ్నలు కోసం బాట మీదికి వెళ్ళింది. నేను ఉబ్బిన కాళ్ళావిణ్ణి లేపుతున్నాను. తిరిగి చూసేసరికి రెండోదీ ఖాళీ అయింది.

"ఇక చాలు. వెళ్దాం," అన్నాను.

"గెడ్డ ఇదిగో బాబూ, ఆ మలుపు కాడే. ఆటో వచ్చీలోపల సూసీసి వచ్చీద్దుం," అన్నాడు. ఫోను చేసి వచ్చిన హెడ్ నర్సు, తమ్ముడు కూడా వెంట నడిచారు.

మలుపు తిరిగాక గెడ్డ సముద్రంలో కలిసే చోటు కనిపించింది. నీటి మీద, ఇసుక మీద, మా తలల మీద తూనీగలు. పసుపు రంగువి, ఎక్కడా వాలకుండా, గాలికి ఎదురు తిరిగి ఉన్నచోటనే ఎగురుతున్నాయి. చెయ్యెత్తాల్సిన పని లేదు. ఎటు చూసినా అవే. ఎవరూ పేరు పెట్టలేదు. హెడ్ నర్సు పుస్తకం తెరవలేదు. ఆ ఒక్కసారి నేను కూడా కొంతసేపు పైకే చూశానని ఒప్పుకోవాలి. ఎంతసేపో తెలియదు.

"బాబూ," అన్నాడు జాలరి. మామూలుగానే అన్నాడు. "కాల్లు నావి కానట్టున్నాయి."

కూర్చోబోయి కూలబడ్డాడు. నాడి పట్టుకున్నాను. నెమ్మదిగా కొట్టుకుంటోంది. తర్వాతి దెబ్బ కోసం ఎదురు చూడాల్సి వస్తోంది. తమ్ముడు అన్నని భుజాన వేసుకుని ఇసుకలో పరిగెత్తాడు. అంత బరువుతో అలా పరిగెత్తగలడని నేననుకోలేదు. వచ్చిన ఆటోలో మేం నలుగురం ఎక్కాం. మిగతావాళ్ళని జీడి పని ఆవిడకి అప్పగించాం. "మీరెల్లండి, ఈలని నాను తోలుకొత్తాను," అందావిడ.

దారంతా తమ్ముడు ఒకటే అడిగాడు. "ఏటైనాది? నానేటి సేసినాను?" హెడ్ నర్సు "ఎండ దెబ్బ" అంది. ఆమె అబద్ధం చెప్పగా వినడం నాకు అదే మొదలు. ఆమె ఒక చేత్తో నాడి చూస్తూ, రెండో చేత్తో డ్యూటీ డాక్టరుకు ఫోను చేస్తూ ఉంది. పలాస గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతోంది. నేను ఆటో దిగి, ఎక్కి, మళ్ళీ దిగాను. బండి దానివల్ల తొందరగా పోదని తెలుసు.

ఆస్పత్రిలో డాక్టరు గుండెకు కాపు కాసే ఇంజెక్షను ఇచ్చాడు. అది కాసేపే ఆపుతుంది. నెత్తుట్లో చేరిన ఆ లవణం బయటికి పోవాలంటే మిషనే గతి. మిషను నడవాలంటే శుద్ధి చేసిన నీళ్ళు కావాలి. ఆదివారం ఆ నీటి గొట్టాల్లో క్రిములు చచ్చే మందు పోసి ఉంచుతాం. అది పూర్తిగా కడుక్కుపోకుండా మనిషిని తగిలిస్తే మందు నెత్తుట్లో కలుస్తుంది. నేను ప్లాంటు గదిలోకి వెళ్ళి మోటారు వేశాను.

ఆ గది నుంచి వార్డుకి, వార్డు నుంచి ఆ గదికి ఎన్నిసార్లు తిరిగానో. నీళ్ళలో పరీక్ష కాగితం ముంచడం, రంగు చూడటం, పారబొయ్యడం. మందు ఇంకా ఉందని కాగితం చెబుతూనే ఉంది. డాక్టరు గుమ్మంలోకి వచ్చి "ఇంకా ఎంతసేపు?" అన్నాడు. చెప్పలేనన్నాను. మళ్ళీ వచ్చాడు. "గుండె ఆగితే ఈ కాగితం ఎవరికి చూపిస్తావు?" అన్నాడు. అతను కుర్రవాడు, భయపడుతున్నాడు. నేనూ భయపడుతున్నాను. మా అన్నయ్యని రైల్లో కూర్చోబెట్టుకుని స్టేషన్లు లెక్కపెట్టిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు మిషను దూరం. ఇప్పుడు మిషను గోడ అవతలే ఉంది, నీళ్ళు రావాలి. చెయ్యడానికి ఏమీ లేనప్పుడు చేతుల్ని ఏం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు.

చివరికి కాగితం రంగు మారకుండా తెల్లగా వచ్చింది. నమ్మకుండా రెండోది ముంచాను. అదీ తెల్లగానే వచ్చింది. సూదులు హెడ్ నర్సు గుచ్చింది. నేను గొట్టాలు కలిపి మిషను వేశాను.

మధ్యాహ్నానికి గుండె గీతలు మామూలయ్యాయి. అతను కళ్ళు తెరిచి ఆకలేస్తోందన్నాడు. నేను బయటికి వచ్చాను. వరండాలో తమ్ముడు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. జీడి పని ఆవిడ అప్పటికే మిగతావాళ్ళని ఇళ్ళకు పంపి వచ్చి, అతని పక్కన కూర్చుంది. బొండాం సంగతి ఆవిడే చెప్పేసింది. మేమెవరం చెప్పేవాళ్ళం కాదు.

"తెలిసి తాగినాడా?" అని అడిగాడు నన్ను.

"తెలిసే తాగాడు."

"మరెందుకు తాగినాడు బాబూ?"

ఆవిడ చెప్పింది. "నువ్వు రెండు సేతుల్తో ఇచ్చినావు. ఎవులైనా తాగుతారు. లే. లోపలికెల్లి ఆడి మొకం సూడు. ఇలగ కూకుంటే ఆడికి నీ మీద జాలేసి ఇంకోటి తాగీగల్డు."

లోపలికి వెళ్ళి మంచం కాళ్ళ వైపు నిలబడ్డాడు. మిషను తిరుగుతోంది. గొట్టాల్లో అన్న నెత్తురు పోయి రావడం అతను అంతకుముందెప్పుడూ చూడలేదు. చూస్తూనే ఏడ్చాడు.

"ఎందుకురా ఏడుత్తావు? బాగున్నాది బొండాం," అన్నాడు జాలరి.

"నాకేటి తెల్సు అన్నా. ఎవులూ సెప్పనేదు."

"నాను సెప్పనేదు. ఆలేటి సెప్తారు." తర్వాత హెడ్ నర్సుని అడిగాడు. "అమ్మా, మల్లీ ఎప్పుడు రావాల?"

సోమవారం అక్కర్లేదని, బుధవారం రమ్మని ఆమె చెప్పింది.

"బుదారం నన్ను పెందలాడే లేపు," అన్నాడు తమ్ముడితో. "నువ్వు ఏటకెల్లే ముందు."

హెడ్ నర్సు వెనక్కి తిరిగి కిటికీ తలుపులు సర్దింది. అవి సర్దే ఉన్నాయి.

ఆ రోజు అతను గంట ముందే తీసెయ్యమనలేదు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. సంజాయిషీ అడిగారు, ఇచ్చాం. నడకలు ఆపమన్నారు, ఆపాం. హెడ్ నర్సు వాదించలేదు. కొన్ని నెలలకు సొంత జిల్లాకు బదిలీ మీద వెళ్ళింది. వెళ్ళేముందు నాతో ఒకే మాట అంది. మనం రోగికి చెప్పాం, భార్యకు చెప్పాం, కాగితం మీద రాసిచ్చాం, మాటల్లేని తమ్ముడికి ఎవరు చెప్పాలో మనకెవరూ చెప్పలేదు సార్, అని. మీరు ఈ పనిలో ఉంటే గుర్తుపెట్టుకోదగ్గది ఇదేనేమో. ఇంటి మనుషులెవరు అని అడిగినప్పుడు, ఎవరితో మాటల్లేవు అని కూడా అడగండి.

జాలరి ఆ తర్వాత రెండు వర్షాకాలాలు చూశాడు. వారానికి మూడుసార్లు తమ్ముడి మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చేవాడు. ఆఖరి నిమిషం దాకా మిషను మీద ఉండేవాడు. వార్డును మళ్ళీ నవ్వించాడు. ఒక వేసవిలో నిద్రలోనే పోయాడు. ఆ పొద్దున తమ్ముడు లేపడానికి వెళ్ళాడు. జీడి పని ఆవిడ అంతకు ముందే వెళ్ళిపోయింది. ఆ ఏడుగురిలో ఇప్పుడు ఎవరూ లేరు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

రిటైరయ్యాక కూడా ఆదివారం పొద్దున్నే మెలకువ వచ్చేస్తుంది. ఇంట్లో కూర్చోలేను. మొన్న కార్తీకంలో ఒంటరిగా పూండిలో దిగి, ఆ తోట దాకా వెళ్ళాను. తమ్ముడు నన్ను గుర్తుపట్టాడు. తుపాను తర్వాత వేసిన మొక్కలు కాపుకొచ్చాయి. నా వెనక అతని చుట్టాలెవరో కూడా ఆటో దిగారు. అతను గెల దింపాడు, కత్తి తీశాడు, బొండాం చేతిలో పట్టుకుని మా ముందుకు వచ్చాడు. కొట్టలేదు.

"బాబూ, ఒంట్లో ఎలగున్నాది? ఇది మీకు పడతాదా?" అన్నాడు. చుట్టాల్ని కూడా ఒక్కొక్కరినీ అదే అడిగాడు. వాళ్ళేమీ చిన్నబుచ్చుకోలేదు. పక్క తోటలోనూ ఇదే పద్ధతట.

ఆ ఊళ్ళో ఇప్పుడు అడక్కుండా బొండాం కొట్టరు.